తీగ లేని సీరియల్ పోర్టు: అక్షరాలు వెళ్తాయి, ఖాళీలు వెళ్ళవు

రైస్ మిల్లు ముందున్న లారీ కాటాలో బరువు చూపించే డబ్బా, పొలంలో సోలార్ ఇన్వర్టర్, పంపుహౌస్‌లో మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్, సెల్ టవర్ కింద గదిలో రౌటర్. ఇలాంటి పరికరాలకి వెనకో పక్కనో ఒక పాతకాలపు పోర్టు కనిపిస్తుంది. కొన్నిటికి తొమ్మిది పిన్నుల సాకెట్టు, కొన్నిటికి నెట్ కేబుల్ పట్టేలాంటి కన్సోల్ పోర్టు (పరికరానికి నేరుగా కమాండ్లు ఇచ్చే దారి), మరికొన్నిటికి ఉత్త స్క్రూల టెర్మినల్. పేరు సీరియల్ పోర్టు. అమెరికాలో ఆర్‌ఎస్-232 అనే ప్రమాణంగా 1960లో వచ్చింది. అప్పట్లో దాని పని టెర్మినల్‌ని, అంటే కమాండ్లు కొట్టి జవాబులు చూసే మిషన్‌ని, ఫోన్ లైన్ మీద డేటా పంపే మోడెమ్‌కి కలపడం.

ఇన్నేళ్ళయినా అది పోకపోవడానికి గట్టి కారణమే ఉంది. కొత్త రౌటర్‌కి ఇంకా ఐపీ అడ్రసే ఇవ్వలేదనుకోండి, నెట్‌వర్క్ మీదుగా దాని దగ్గరికి వెళ్ళేదెలా? ఆ అడ్రస్ ఇవ్వడానికే మరో దారి కావాలి. సాఫ్ట్‌వేర్ సగం చచ్చిన పరికరం కూడా సీరియల్ పోర్టులో నాలుగు ముక్కలు పలుకుతుంది. కాబట్టి పోర్టు అలాగే ఉంది, పోయింది మన వైపుది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ సాకెట్టు లేదు, ఫోన్‌కి అసలే లేదు. పైగా పరికరం స్తంభం మీదో, ఇనుప పెట్టెలోనో, బురదగుంట అవతలో ఉంటుంది. అందుకే పోర్టుకి చిన్న బ్లూటూత్ లేదా వైఫై అడాప్టర్ తగిలించి, నీడలో నిలబడి ఫోన్లోంచి సెట్టింగులు మార్చే పద్ధతి వచ్చింది.

అడాప్టర్ లోపల పెద్ద మాయ ఏమీ లేదు. ఆర్‌ఎస్-232 తీగలో 0 అంటే 3 నుంచి 15 వోల్టుల ప్లస్, 1 అంటే అంతే మైనస్. రేడియో చిప్పులేమో 3.3 వోల్టుల మీద నడుస్తాయి. ఈ రెంటినీ కలపడానికి మధ్యలో వోల్టేజీ మార్చే చిప్పు ఒకటి ఉండాలి. బజారులో చవకగా దొరికే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌లో అది ఉండదు, దాన్ని నేరుగా తొమ్మిది పిన్నులకి కలిపితే కాలిపోవచ్చు. ఇక పోర్టులో కరెంటు ఇచ్చే పిన్ను ప్రమాణంలోనే లేదు కనుక అడాప్టర్‌కి సొంత బ్యాటరీయో వేరే కరెంటో కావాలి.

తీగ తీసేయడంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని లాభం ఇంకొకటుంది. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక ఎర్త్ మీద, ప్యానెల్ ఇంకో ఎర్త్ మీద ఉండి, ఆ రెంటి మధ్య వోల్టేజీ తేడా ఉంటే, ఆ తేడా కరెంటంతా కేబుల్‌లోని గ్రౌండ్ తీగ గుండా పారుతుంది. పోర్టులు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మధ్యలో గాలి ఉంటే ఆ దారే లేదు. నన్నడిగితే, ఎర్తింగ్ మీద నమ్మకం లేని చోట ఈ ఒక్క కారణానికైనా బ్లూటూత్ అడాప్టర్ సంచిలో ఉండాలి.

ఇక అసలు చిక్కు. సీరియల్ తీగలో గడియారం ఉండదు. రెండు వైపులా ముందే ఒక వేగం ఒప్పుకుంటాయి, ఎక్కువగా సెకనుకి 9600 బిట్లు. అంటే ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు. అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, తరవాత 8 డేటా బిట్లు, చివర ఒక స్టాప్ బిట్, మొత్తం 10. సెకనుకి 960 అక్షరాలు. ఇక్కడ లెక్కంతా కాలం మీదే నడుస్తుంది. తీగ ఎప్పుడు మారింది, ఎంతసేపు ఊరుకుంది అన్నదీ సమాచారమే.

రేడియోకి ఈ పట్టింపు లేదు. షేర్ ఆటో మనుషులు నిండేదాకా కదలనట్టు, అడాప్టర్ కూడా కొన్ని అక్షరాలు పోగుచేసుకుని ఒక ప్యాకెట్‌గా పంపుతుంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బ్లూటూత్‌లో, ఇరువైపులా ప్రత్యేకంగా పెంచుకోకపోతే, ఒక ప్యాకెట్‌లో పట్టేది 20 బైట్లే. ప్యాకెట్లు పంపే వంతు ఒకటి అయ్యాక మరొకటి రావడానికి సాధారణంగా కనీసం 7.5 మిల్లీసెకన్లు, తరచూ అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. అక్షరాలు అన్నీ వరసగానే చేరతాయి. వాటి మధ్య ఉన్న ఖాళీలు మాత్రం ఎక్కడివక్కడ ఉండవు.

మనిషి కీబోర్డు మీద కమాండ్ కొడుతుంటే ఈ తేడా తెలియదు. యంత్రంతో యంత్రం మాట్లాడితే తెలుస్తుంది. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన మోడ్‌బస్‌నే తీసుకోండి. డ్రైవ్‌లు, ఎనర్జీ మీటర్లు, ఇన్వర్టర్లు ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడేది ఆ భాషే. దాని ఆర్‌టీయూ రూపంలో ఒక సందేశం ముగిసిందని చెప్పే గుర్తేమీ ఉండదు. మూడున్నర అక్షరాలు పట్టేంత సేపు తీగ ఊరుకుంటే ముగిసినట్టు లెక్క. 9600 వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. బ్లూటూత్ సందేశాన్ని రెండు ప్యాకెట్లుగా విరిచి మధ్యలో 10 మిల్లీసెకన్లు ఆగిందంటే, అవతలి పరికరం సగం దగ్గరే ముగిసిందనుకుంటుంది, చెక్‌సమ్ (సందేశం చెడలేదని సరిచూసే అంకె) కుదరక నోరు మెదపదు. ఇక్కడ మనం కేబుల్ మార్చి, అడ్రస్ మార్చి, తల పట్టుకుంటాం. కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు చెయ్యకపోవడం దీని లక్షణం, టెన్షన్ పెట్టేదీ అదే. దీనికి మందు, మోడ్‌బస్ తెలిసిన అడాప్టర్ వాడడం. అది రేడియో నుంచి వచ్చిన ముక్కల్ని పూర్తి సందేశం అయ్యేదాకా దాచి, ఒక్క ఊపులో తీగ మీదికి వదులుతుంది. అప్పుడు ఖాళీల లెక్క పరికరం పక్కనే తేలిపోతుంది.

బ్రేక్ సిగ్నల్‌దీ ఇదే కథ. బ్రేక్ అనేది అక్షరం కాదు, తీగని ఒక అక్షరం పట్టే సమయం కంటే ఎక్కువసేపు 0 దగ్గర అదిమి పట్టడం. పాస్‌వర్డ్ మర్చిపోయిన సిస్కో రౌటర్లలో చాలావాటిని, ఆన్ చేసిన మొదటి నిమిషంలో బ్రేక్ పంపి దారికి తెస్తారు. చాలా చవక అడాప్టర్లకి ఆ సంగతే తెలియదు. పాత చేతులకి దీనికో చిట్కా ఉంది: కంప్యూటర్లో కమాండ్లు కొట్టే టెర్మినల్ ప్రోగ్రామ్ వేగాన్ని 9600 నుంచి 1200కి తగ్గించి స్పేస్‌బార్ నొక్కుతూ ఉండడం. నెమ్మదిగా వెళ్ళే ఆ 0లు రౌటర్‌కి బ్రేక్‌లా కనిపిస్తాయి. బ్లూటూత్ మీద ఈ చిట్కా కూడా సాగదు. ఫోన్లో వేగం ఎంత పెట్టినా, చాలా మాడ్యూళ్ళలో తీగ వైపు వేగం ముందే రాసిపెట్టినదే. నెట్‌వర్క్ మీదుగా వేగాన్నీ బ్రేక్‌నీ కూడా పంపే పద్ధతి 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే పత్రంగా వచ్చింది. వైఫై అడాప్టర్ కొనేటప్పుడు ఆ అంకె డబ్బా మీద ఉందేమో చూసుకోవడం మేలు.

వైఫైకి సొంత చిరాకు ఒకటుంది. అడాప్టర్ ఇచ్చే నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ ఉండదు కదా, అది గమనించి ఫోన్ తెలివిగా మొబైల్ డేటాకి మారిపోతుంది. కనెక్షన్ ఎందుకు తెగిందో అర్థం కాదు. ముందు మొబైల్ డేటా ఆపెయ్యండి.

ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి మాత్రం నేను కేబులే వాడమంటాను. 9600 వేగంలో 1 మెగాబైట్ ఎక్కడానికి 18 నిమిషాలు పడుతుంది. ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైల్ పంపే పద్ధతిలో అయితే ప్రతి 128 బైట్లకీ అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు రావాలి. అలాంటివి 8192 ముక్కలు, ఒక్కోదానికి రేడియో వల్ల 0.1 సెకను ఆలస్యమైనా మరో 13 నిమిషాలకి పైనే. అంతసేపట్లో బ్యాటరీ అయిపోతే పరికరం పనికిరాకుండా పోవచ్చు.

భద్రత మాటకొస్తే, కన్సోల్ పోర్టుకి చాలాచోట్ల పాస్‌వర్డ్ ఉండదు. పెట్టె తాళమే దాని పాస్‌వర్డ్. 1234 పిన్‌తో ఉన్న అడాప్టర్‌ని లోపల తగిలించి మర్చిపోతే ఆ తాళం ఉన్నా లేనట్టే. పని కాగానే పీకి సంచిలో వేసుకోవాలి. శాశ్వతంగా ఉంచాల్సి వస్తే పిన్ మార్చి, పరికరంలోనూ పాస్‌వర్డ్ పెట్టాలి.

రేడియో కాని వైర్‌లెస్ ఒకటి మన గుమ్మం దగ్గరే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్పాట్ బిల్లింగ్‌కి వచ్చేవాళ్ళు ఐఆర్ (పరారుణ కాంతి) పోర్టున్న కరెంటు మీటర్ల నుంచి మిషన్‌తోనే రీడింగ్ తీసుకుంటారు. ఆ పరారుణ కాంతి దగ్గర దూరానికే తప్ప వీధి అవతలికి చేరదు. మీటర్లతో కాంతి ద్వారా మాట్లాడడానికి ఐఈసీ 62056-21 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో అయస్కాంతంతో మీటర్‌కి అతుక్కునే చిన్న తల వాడతారు. వేగం గొడవకి కూడా అది ముందే దారి చూసుకుంది. సంభాషణ సాధారణంగా సెకనుకి 300 బిట్ల నత్తనడకతోనే మొదలవుతుంది. మీటర్ తన పరిచయంలో ఒక అంకె చెబుతుంది. 4 అంటే 4800, 5 అంటే 9600. చదివే మిషన్ సరేనన్నాక రెండూ కలిసి ఆ వేగానికి మారతాయి.