వరి మడినీ కారునీ ఒకే గాటన కడతారా?

1990లో అమెరికాకు చెందిన వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, భూమిని వేడెక్కిస్తున్న వాయువులకు ఏ దేశం ఎంత బాధ్యురాలో లెక్కకట్టింది. మొదటి ఐదింటిలో ఇండియా కూడా ఉంది. మన వరి పొలాల నుంచీ పశువుల నుంచీ వచ్చే మీథేన్‌ను కూడా ఆ లెక్కలో కలిపారు. మరుసటి ఏడాదే ఢిల్లీ నుంచి పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గట్టిగా జవాబిచ్చారు. బతుకుతెరువు కోసం వదిలే వాయువునూ విలాసం కోసం వదిలే వాయువునూ ఒకే గాటన ఎలా కడతారని నిలదీశారు.

న్యాయం సంగతి అలా ఉంచి, సైన్స్ ప్రకారం చూసినా వరి మడి వదిలే మీథేన్, కారు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఒకటి కావు. దమ్ము చేసి నీళ్లు నిలబెట్టిన మడిలో మట్టికి ఆక్సిజన్ అందదు. బురదలో మోళ్లు కుళ్లుతుంటే అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. అది ఎక్కువగా వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండానే పైకొస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది చాలా బలమైనదే, కానీ సుమారు 12 ఏళ్లలో విరిగిపోతుంది. బొగ్గు, పెట్రోలు మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వందల ఏళ్లు అలాగే ఉండిపోతుంది. నూరేళ్ల కిందట ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ మిల్లులు, అమెరికాలో పిట్స్‌బర్గ్ ఉక్కు కొలిమిలు వదిలిన పొగలో కొంత ఇప్పటికీ మన నెత్తి మీదే ఉంది.

అందుకే ఈ ఏడాది ఎవరు ఎంత వదిలారన్నది సగం లెక్కే. ఏటా వదిలేదాన్ని బట్టి ఇండియాది మూడో స్థానం. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి పోగైన కార్బన్ డయాక్సైడ్‌లో మాత్రం అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు, మనది మూడు నాలుగు శాతం. తలసరిన ఏటా మనం వదిలేది సుమారు 2 టన్నులు, అమెరికా పౌరుడిది 14 టన్నుల పైమాటే. బాధ్యత ఉమ్మడిదే అయినా వాటాలు వేరని 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కూడా అంగీకరించింది.

అయితే ఆ 2 టన్నులు సగటు మాత్రమే. గదికో ఏసీ, మనిషికో కారు ఉన్న హైదరాబాద్ కుటుంబం కూడా, రెండు బల్బులు వెలిగే మన్యం గూడేన్ని అడ్డుపెట్టుకుని అదే అంకె చూపిస్తుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. టన్నున్నర ఏసీ ఒక్కటి వాడుకునే కరెంటుతో ఇరవై ఫ్యాన్లు తిరుగుతాయి. 2015 మేలో వడగాడ్పులు ఆంధ్ర, తెలంగాణల్లో దాదాపు రెండు వేల మందిని బలి తీసుకున్నాయి. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. భూమి వేడెక్కడంలో వాళ్ల పాత్ర నామమాత్రం.

వరిలో మీథేన్ తగ్గించే దారి లేకపోలేదు. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపితే అది మూడో వంతు దాకా, ఒక్కోచోట సగం దాకా తగ్గుతుంది. కానీ మడి ఆరితే కలుపు పెరుగుతుంది, కూలి ఖర్చు మీదపడుతుంది. కాలువ కింద సాగుచేసే రైతుకు వంతు తప్పితే నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. ఆ కలుపు కూలీ, నీటి భరోసా ఎవరు ఇస్తారో తేల్చకుండా కౌలు రైతును పద్ధతి మార్చుకోమనడం తగదు.