ఇంజినీరింగ్ కాలేజీ చూడ్డానికి వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందు కాలేజీకి వెళ్లి చూసి రావడం మంచిదే. కానీ చాలా కుటుంబాలు గేటు, లాన్, ఆడిటోరియం చూసి బ్రోచర్ పట్టుకుని వచ్చేస్తున్నాయి. పిల్లలు నాలుగేళ్లు గడిపేది తరగతి గదుల్లో, ల్యాబుల్లో, హాస్టల్లో.

అపోహ: ర్యాంకు వచ్చాక వెళ్తే సరిపోతుంది.

వాస్తవం: కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి చాలా కాలేజీలు సెమిస్టర్ పరీక్షల్లోనో సెలవుల్లోనో ఉంటాయి. ఖాళీ క్యాంపస్‌లో తెలిసేది తక్కువ. ఇంటర్ పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఒక పనిదినం చూసుకుని పదింటికల్లా చేరుకోండి. తరగతులు, ల్యాబులు, మధ్యాహ్నం మెస్ అన్నీ ఒక్కరోజులో చూడొచ్చు. కోచింగ్ వల్ల పిల్లలకు కుదరకపోతే పెద్దవాళ్లలో ఒకరైనా వెళ్లాలి.

అపోహ: కాలేజీ పీఆర్‌వో (ప్రజా సంబంధాల అధికారి) దగ్గరుండి అన్నీ చూపిస్తారు.

వాస్తవం: ఆయన చూపించేది బాగున్న ల్యాబే. మీకు కావలసిన బ్రాంచి విభాగానికి తీసుకెళ్లమని అడగండి. అక్కడ నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉంటుంది. ప్రతి సబ్జెక్టుకూ ఎదురుగా అధ్యాపకుల పేర్లుంటాయి. ఒకే పేరు మూడు సబ్జెక్టులకు కనిపించినా, పేరుండాల్సిన చోట ఖాళీ ఉన్నా మనుషులు చాలడం లేదని అర్థం. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. 60 మంది సెక్షన్ ఒకటి నాలుగేళ్లకు 240 మంది అవుతుంది, అంటే సైన్స్, ఇంగ్లిష్ వాళ్లతో కలిపి 12 మంది ఉండాలి. సీఎస్‌ఈలో ఇలాంటి సెక్షన్లు ఎన్ని ఉన్నాయో అడిగి హెచ్చవేసుకోండి.

ల్యాబులో లాగ్ రిజిస్టర్ (ఏ రోజు ఎవరు వాడారో రాసే పుస్తకం) చూపించమనండి. చివరి తేదీ ఎప్పటిదో చూస్తే అది వాడుకలో ఉందో లేదో తేలిపోతుంది. ఈసీఈ ల్యాబయితే సీఆర్‌వోలకు (విద్యుత్ సిగ్నళ్లను తెరపై చూపే పరికరాలు) ప్రోబ్‌లు, అంటే కొలిచే తీగలు ఉన్నాయా, ఒక్కో టేబుల్ దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు అన్నవి గమనించండి. ఇద్దరు ముగ్గురైతే అందరి చేతా పని జరుగుతుంది. ఆరుగురుంటే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు రీడింగులు రాసుకుంటారు. తర్వాత ఫైనల్ ఇయర్ పిల్లలతో క్యాంటీన్‌లో పీఆర్‌వో పక్కన లేకుండా పది నిమిషాలు మాట్లాడండి.

అపోహ: న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గ్రేడ్ ఉంటే అన్ని బ్రాంచీలూ మంచివే.

వాస్తవం: న్యాక్ మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ అనే మరో సంస్థ గుర్తింపును బ్రాంచీల వారీగా ఇస్తుంది. ఆ పత్రంలో మీ బ్రాంచి పేరు, గడువు ఏ సంవత్సరం వరకో చూడండి. రెండు బ్యాచ్‌లు చదువు పూర్తిచేసుకున్నాకే ఏ కోర్సయినా ఎన్‌బీఏకు వెళ్లగలదు కాబట్టి కొత్త బ్రాంచీలకు లేకపోవడం సహజమే. వాటి విషయంలో అధ్యాపకులను, ల్యాబులను ఇంకా గట్టిగా చూడాలి.

అపోహ: ఫ్లెక్సీ మీద 40 లక్షల ప్యాకేజీ ఉంది కదా!

వాస్తవం: అది ఒక్కరిది. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేయడం కూడా ఉంది. ఆఫర్లెన్ని అని కాదు, మీ బ్రాంచిలో ఎందరు చేరితే ఎందరికి ఉద్యోగాలొచ్చాయి అని అడగండి. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పాల్గొనే కాలేజీ అయితే తన వెబ్‌సైట్లో ఆ డేటా పెట్టాలి. అందులో మీడియన్ జీతం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) ఉంటుంది. వెళ్లేముందే దాన్ని ప్రింట్ తీసుకోండి.

అపోహ: అటానమస్ కాలేజీ అంటే పట్టా కూడా కాలేజీయే ఇస్తుంది.

వాస్తవం: సిలబస్, పరీక్షలు కాలేజీవి. పట్టా అనుబంధ విశ్వవిద్యాలయానిది.

అపోహ: కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే సీటు) కాబట్టి ట్యూషన్ ఫీజు తప్ప ఖర్చుండదు.

వాస్తవం: బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, సీఆర్‌టీ (ఉద్యోగ ఎంపికలకు ఇచ్చే శిక్షణ) ఫీజు విడివిడిగా ఎంతో రాయించుకోండి. ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మిమ్మల్ని కట్టమంటారా అన్నది సీనియర్లనే అడగాలి. హాస్టల్లో మోడల్ రూమ్ కాకుండా పై అంతస్తులో పిల్లలుంటున్న గది చూపించమనండి. మంచాలెన్ని, బాత్‌రూమ్‌కు ఎందరు, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటారా అన్నవి అక్కడే తేలతాయి. బీ కేటగిరీకి (మేనేజ్‌మెంట్ కోటా) ఈరోజే సీటు బ్లాక్ చేయాలి, ఒరిజినల్స్ ఇవ్వండి అంటే ఇవ్వొద్దు. సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ రోజు ఫైల్లో జిరాక్సులు మాత్రమే ఉంచుకోండి.