సీరియల్ కథలన్నీ ఒకే హాల్లోకి ఎలా చేరాయి?

రాత్రి ఏడింటి నుంచి పది దాకా రిమోట్ తిప్పుతూ పోతే ఏ తెలుగు చానల్లోనైనా దాదాపు ఒకే ఇల్లు కనిపిస్తుంది. పెద్ద హాలు, మధ్యలో మెట్లు, ఓ మూల పూజగది. కష్టాలు పడే కోడలు, ఆమెను గడప దాటించాలని చూసే తోడికోడలు, నిజం తెలిసినా నోరు విప్పని పెద్దావిడ. ఎందుకిలా అని అడిగితే, జనం చూసేది ఇదేనంటారు. తెలుగువాళ్ల కథల అలవాటు తెలిసినవాళ్లు ఈ మాట ఒప్పుకోలేరు.

టీవీ రాకముందు సీరియల్‌ని ఇంటికి తెచ్చింది వారపత్రిక. యద్దనపూడి సులోచనారాణి నవల కోసం ఎదురుచూసిన ఇళ్లలోనే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, మధుబాబు గూఢచారి షాడోనీ అద్దెకు తెచ్చుకుని చదివారు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వస్తున్నప్పుడు చేతబడి కథకు భయపడుతూనే తర్వాతి సంచిక కోసం కాచుకున్నారు. ఆ పాఠకుల్లో గృహిణులు ఎంతోమంది. అత్తాకోడళ్ల గొడవ తప్ప మరోటి అక్కర్లేదని ఇవాళ తీర్మానిస్తున్నది వాళ్ల గురించీ, వాళ్ల కూతుళ్ల గురించీ.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. జాతీయ ప్రసారాలు ఊపందుకున్నాక, హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగిళ్లలో కూడా 1984లో 'హమ్ లోగ్' కుటుంబ కథ చూశారు. మరుసటి ఏడాది 'కరంచంద్'లో క్యారెట్ కొరుకుతూ హంతకుణ్ని పట్టుకునే పంకజ్ కపూర్‌ని చూశారు. బేతాళ కథలు చూశారు, దేశవిభజన గాయాన్ని చూపిన 'తమస్' చూశారు. తెలుగులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ'తో నవ్వించారు. అప్పట్లో సీరియల్ అంటే ఎక్కువగా వారానికో భాగం. మొదట పదమూడు భాగాలకు అనుమతి ఇవ్వడం ఆనవాయితీ. పదమూడు వారాల్లో కథ తేల్చాలంటే ముగింపు తెలుసుకునే మొదలుపెట్టాలి. నేర పరిశోధనకైనా చరిత్రకైనా హాస్యానికైనా ఆ కొలత చక్కగా సరిపోయింది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక కూడా కొన్నేళ్లు ఈ వైవిధ్యం నిలిచింది. ఈటీవీలో 'లేడీ డిటెక్టివ్' వచ్చింది. అచ్యుత్, యమున నటించిన 'అన్వేషిత' అంతుచిక్కని రహస్యాల చుట్టూ తిరిగింది. అప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ వాటి పేర్లు చెబుతారు.

ఇక 'అమృతం' గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో ఈ హాస్య సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారాల్లో జెమినిలో 313 భాగాలు నడిచింది. అమృత విలాస్ అనే చిన్న హోటలు, ఇద్దరు మిత్రులు, అద్దె కోసం వేధించే అప్పాజీ, వంటింట్లో సర్వం అనే పనివాడు. ప్రతివారం డబ్బు సంపాదించడానికి ఓ కొత్త పథకం, అది బెడిసికొట్టడం. ఆ మిత్రుల్లో ఒకడైన అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వేర్వేరు దశల్లో పోషించినా చూసేవాళ్లు వదల్లేదు. వాళ్లని పట్టి ఉంచింది రాత బలం. ఇప్పుడు యూట్యూబ్‌లో దాన్ని చూస్తున్నవాళ్లలో, మొదటి ప్రసారం నాటికి పుట్టనివాళ్లు కూడా ఉన్నారు.

మరి ఇదంతా ఎక్కడ పోయింది? నా లెక్కలో అసలు మలుపు వారం నుంచి రోజుకు మారడం. 2000 జులైలో హిందీ చానల్ స్టార్ ప్లస్‌లో మొదలైన రోజువారీ అత్తాకోడళ్ల సీరియల్ 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' విజయం దేశమంతటా చానళ్లకు దారి చూపింది. తెలుగులో మంజులా నాయుడు తీసిన రోజువారీ సీరియల్ 'చక్రవాకం' 2003 నుంచి 2008 దాకా సాగింది. వారానికి ఒకటైతే ఏడాదికి 52 భాగాలు, వారానికి ఐదైతే 260. గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదన్న నిబంధన ప్రకారం చూసినా, అరగంటకు ఇరవై నిమిషాల పైచిలుకు కథ కావాలి. యూనిట్ ఇంచుమించు రోజుకో ఎపిసోడ్ తీయాలి. డిటెక్టివ్ కథకైతే కొత్త చోటు, కొత్త అనుమానితులు, ముందే అల్లుకున్న ఆధారాలు కావాలి. హాలు సెట్టుకు ఇవేవీ అక్కర్లేదు. లైట్లు పెట్టే ఉంటాయి, వాన పడినా షూటింగ్ ఆగదు. ఒక చెంపదెబ్బ పడిందంటే మామగారి ముఖం, అత్తగారి ముఖం, మెట్ల మీద నిలబడ్డ మరిది ముఖం, ఒక్కోదాని మీదికి మూడేసి సార్లు కెమెరా దూసుకెళ్లడం, ఆపైన ఉరుము లాంటి సంగీతం. కథ అంగుళం కదలకుండానే రెండు నిమిషాలు నిండిపోతాయి.

డబ్బు లెక్క కూడా ఇటే తోసింది. నిర్మాత చానల్లో ప్రసార సమయం (స్లాట్) కొనుక్కుని ప్రకటనలు తానే అమ్ముకునే పద్ధతిలో నష్టమొస్తే భారం అతనిదే. అలాంటివాడు కొత్తదారి తొక్కమంటే తొక్కడు. 2015 నుంచి, ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు వస్తున్నాయి. గురువారం వచ్చే ఆ అంకెలు చూసి కథను మలుపు తిప్పడం మామూలైపోయింది. కుటుంబ కథలో ఓ పాత్రకు మతిమరుపు తెప్పించొచ్చు, చనిపోయినవాణ్ని తిరిగి రప్పించొచ్చు. హత్య మిస్టరీలో మధ్యలో హంతకుణ్ని మారిస్తే అంతకుముందు చూసిందంతా అబద్ధమైపోతుంది.

ఆపై రీమేకులు. 'కార్తీక దీపం' మలయాళ 'కరుత్తముత్తు' నుంచి, 'ఇంటింటి గృహలక్ష్మి' బెంగాలీ 'శ్రీమయి' నుంచి వచ్చాయి. పలు భాషల్లో చానళ్లున్న సంస్థ ఒకచోట నెగ్గిన కథనే మరోచోట నాటుతుంది. తెలుగు రచయిత సొంతంగా ఆలోచించాల్సిన చోటు అక్కడే కుంచించుకుపోయింది.

కుటుంబ కథల మీద నాకు చిన్నచూపు లేదు. ఇంటికోసమే బతికిన ఇల్లాలు విడాకుల తర్వాత తన కాళ్ల మీద నిలబడటం చెప్పదగ్గ కథే. రోజువారీ సీరియల్లోనే 'మొగలిరేకులు' పోలీసు అధికారి ఆర్కే నాయుడిని ఇంటింటి మనిషిని చేసింది. అంటే ఆ చట్రంలో కూడా మరో రంగుకు చోటుంది.

ఓటీటీలో ఆ రంగులన్నీ ఇప్పటికే కనిపిస్తున్నాయి. ఒకే రోజు మళ్లీ మళ్లీ ఎదురయ్యే 'కుడి ఎడమైతే' 2021లో వచ్చింది, అతీంద్రియ థ్రిల్లర్ 'దూత' 2023లో. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' ఏ కుట్రా లేకుండా మధ్యతరగతి ఇంటిని చూపించి మెప్పించింది. రాసేవాళ్లున్నారు, నటులున్నారు, ఆదరణ ఉంది. కానీ అవి చూడాలంటే చందా కట్టాలి, డేటా ఉండాలి, యాప్ వాడటం తెలియాలి. సాయంత్రమంతా టీవీ ముందే గడిపే పెద్దవాళ్లకీ, పనులు ముగించుకుని కూర్చునే ఆడవాళ్లకీ నెలనెలా డబ్బు కట్టే కేబుల్లో ఈ వైవిధ్యం కొంచెం కూడా అందడం లేదు.

వారమంతా మార్చమని ఎవరూ అడగడం లేదు. శని, ఆదివారాల్లో చెరో అరగంట కేటాయించి, చివరి భాగం దాకా ముందే రాసుకున్న పదమూడు వారాల కథలకు ఇవ్వొచ్చు. ఒకసారి డిటెక్టివ్ కథ, మరోసారి జానపదం, ఇంకోసారి కోర్టు కథ. సొంత ఓటీటీ ఉన్న సంస్థలైతే అక్కడి సిరీస్‌లనే కొన్నాళ్లాగి చానల్లో వేయొచ్చు. ఒక్క షరతు: మూడో గురువారం అంకె తగ్గిందని ఆపేయకుండా పదమూడో వారం దాకా నడపాలి.