మాలా-ఎన్‌కీ అంతర ఇంజెక్షన్‌కీ తేడా ఎక్కడుంది?

ఈ రెండు గర్భనిరోధక పద్ధతుల గురించి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "మాలా-ఎన్ మాత్రల్లోనూ హార్మోనే, అంతర ఇంజెక్షన్‌లోనూ హార్మోనే. మరి మాత్రలు వాడితే నెలనెలా బహిష్టు వస్తుంది, ఇంజెక్షన్‌తో ఎందుకు ఆగిపోతుంది?" ఎంత మంచి ప్రశ్న! బడిలో పునరుత్పత్తి పాఠం రాగానే "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసే టీచర్లు ఇంకా ఉన్నారు. జవాబు ఎవరికి అవసరమో వాళ్లకే అందకుండా పోతోంది.

అసలు సంగతి మెదడులో మొదలవుతుంది. అక్కడి హైపోథాలమస్ అనే భాగం నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోను ఆగి ఆగి, కొద్దికొద్దిగా విడుదలవుతుంది. అది అందిన ప్రతిసారీ దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఎఫ్ఎస్‌హెచ్ వల్ల అండం ఎదుగుతుంది, ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు బయటపడుతుంది. 1970లలో ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం కోతుల మీద చేసిన ప్రయోగం నాకెంతో ఇష్టం. జీఎన్ఆర్‌హెచ్‌ను గంటకోసారి ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. అదే హార్మోనును ఆగకుండా ఎక్కిస్తే పని మానేసింది! పక్కింట్లో పిండిమర అదేపనిగా తిరుగుతుంటే కాసేపటికి ఆ చప్పుడు మన చెవికెక్కదు. గంటకోసారి తిరిగి ఆగితే మాత్రం ప్రతిసారీ తల తిప్పి చూస్తాం. పిట్యూటరీ కూడా అంతే, అది వినేది ఆ లయనే.

గర్భనిరోధక హార్మోన్లు దెబ్బకొట్టేది ఈ లయనే. ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే కృత్రిమ హార్మోను, అంటే ప్రొజెస్టిన్, ఒంట్లో చేరితే హైపోథాలమస్ సంకేతాల మధ్య ఎడం పెరుగుతుంది. ఎల్‌హెచ్ ఉప్పెన రాదు, అండం బయటపడదు.

మాలా-ఎన్ మాత్రలో 0.15 మి.గ్రా. లీవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్‌తో పాటు 0.03 మి.గ్రా. ఇథినైల్ ఎస్ట్రడయోల్ అనే ఎస్ట్రోజెన్ ఉంటుంది. రెండోది ఎఫ్ఎస్‌హెచ్‌ను అణిచేస్తుంది. సహజమైన ఎస్ట్రడయోల్‌ను మింగితే పేగులూ కాలేయమూ చాలావరకు విరిచేస్తాయి. అందుకే దాని 17వ కార్బన్ దగ్గర ఇథినైల్ సమూహాన్ని తగిలించారు. ఆ అణువు కాలేయానికి అంత తేలిగ్గా లొంగదు. పైగా రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. మామూలుగా ఏడాదికి 10,000 మంది స్త్రీలలో 1 నుంచి 5 మందికి సిరల్లో గడ్డలు ఏర్పడతాయి. ఈ మాత్రలు వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. బీపీ ఎక్కువ ఉన్నవారికీ, 35 ఏళ్లు దాటి పొగతాగేవారికీ, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవారికీ ఈ మాత్రలు వద్దనేది ఇలాంటి ప్రమాదాల వల్లే.

21 హార్మోను మాత్రలు అయ్యాక వచ్చే 7 ఐరన్ మాత్రల్లో హార్మోను ఉండదు. ఆ లోటుతో గర్భాశయం లోపలి పొర రాలి బ్లీడింగ్ అవుతుంది. అంతరలో అలాంటి విరామం లేదు. అందులో ఎస్ట్రోజెన్ కూడా లేదు, 150 మి.గ్రా. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే ప్రొజెస్టిన్ సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. అవి కండరంలో మెల్లగా కరుగుతూ 3 నెలలు పనిచేస్తాయి. పొర పెద్దగా పెరగదు కాబట్టి మొదట్లో మచ్చలు మచ్చలుగా కనిపించినా, పోనుపోను బహిష్టు ఆగిపోవచ్చు. "చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది" అని ఇరుగుపొరుగు పెట్టే భయానికి ఆధారం లేదు. పొరే పెరగనప్పుడు పేరుకోవడానికి ఏముంటుంది? ఈ ఇంజెక్షన్ వాడినంతకాలం ఎముకల సాంద్రత కొంత తగ్గుతుందన్నది మాత్రం నిజం. ఆపాక చాలావరకు కోలుకుంటుంది.

హార్మోను లూప్ దారి వేరు. 52 మి.గ్రా. లీవోనార్జెస్ట్రెల్ ఉన్న లూప్ మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాములు వదులుతుంది, అదీ గర్భాశయం లోపలే. రక్తంలోకి చేరేది తక్కువ కాబట్టి చాలామందిలో మెదడు లయ చెదరదు, అండం విడుదలవుతూనే ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను ఆపేస్తుంది. లోపలి పొర పలచబడుతుంది కనుక బహిష్టులో రక్తం ఎక్కువగా పోయేవారికి దీన్ని చికిత్సగానూ వేస్తారు.

ఆచరణలో ఏడాదికి మాత్రలు వాడే 100 మందిలో సుమారు ఏడుగురికి, ఇంజెక్షన్ తీసుకునేవారిలో నలుగురికి గర్భం వస్తోంది. లూప్‌తో ఒక్కరికి కూడా గర్భం రావడం అరుదు. మాత్రతో ఇబ్బంది మతిమరుపు, రోజూ గుర్తుపెట్టుకోవాలి.

ఇన్ని దారులున్నా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెళ్లయిన స్త్రీలలో సగానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషనే చేయించుకున్నారు. పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోయిన అమ్మాయికి మిగతా దారుల గురించి ఎవరైనా చెప్పారా అన్నది నన్ను బాధపెట్టే ప్రశ్న.

బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోసం వాడేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. మాత్రలు ఆపినా, లూప్ తీయించినా గర్భం వచ్చే అవకాశం త్వరగానే తిరిగొస్తుంది. అంతర స్ఫటికాలు పూర్తిగా కరగడానికి సమయం పడుతుంది కాబట్టి, చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే ఆమె డాక్టరుతో ఈ మాట ముందే చెబితే, ఇంజెక్షన్‌కు బదులు వేరే పద్ధతి ఎంచుకోవచ్చు.