శరత్కాలంలో ఇంటి చదువు: అపోహలు - వాస్తవాలు

సెప్టెంబర్ వచ్చిందంటే హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం వర్క్‌షీట్లు తిరుగుతాయి. ఎర్రటి మేపుల్ ఆకు, నారింజ రంగు గుమ్మడికాయ, కాయ నోట కరుచుకున్న ఉడుత. న్యూజెర్సీలో ఉన్న తెలుగు పిల్లలకు ఇవి కిటికీలోంచి కనబడేవే. కరీంనగర్ పిల్లవాడు మాత్రం కిటికీ తీస్తే గునుగు పూలు కనబడతాయి, కాగితం మీద మేపుల్ ఆకుకు రంగు వేస్తుంటాడు. చాలా అపోహలు ఇక్కడే పుడతాయి.

అపోహ: శరత్కాలం అంటే ఆకులు రాలే కాలం

మన లెక్కలో శరత్తు అంటే ఆశ్వయుజ, కార్తిక మాసాలు. వానలు వెలిసి ఆకాశం తేటపడే రోజులు, వెన్నెల రాత్రులు. ఆకు రాలేది శిశిరంలో. టేకు, మోదుగ, బూరుగు లాంటివి జనవరి - మార్చి మధ్య మోడులవుతాయి. అక్టోబర్‌లో వాన నీళ్లు తాగి పచ్చగా ఉంటాయి. కారణం కూడా వేరు. చలి దేశాల్లో పగలు కురచ కావడం, చలి ముదరడం చెట్టుకు సూచనలు. మన దగ్గర ప్రధానంగా నేలలో తడి ఆరిపోవడం.

కాబట్టి ఆకుల పాఠం అక్టోబర్‌లో మొదలుపెట్టి మార్చిలో ముగించండి. ఒక చెట్టు, ఒకే కొమ్మ, 20 ఆకులు. ప్రతి ఆదివారం ఎన్ని మిగిలాయో రాయాలి. ఆకుల లెక్క తప్పడానికి మామూలు కారణం కొత్త చిగుళ్లు లెక్కలో కలిసిపోవడం. మొదటి రోజే ఒక్కో తొడిమ మీద గోళ్లరంగు చుక్క పెడితే ఆ గొడవ ఉండదు (స్కెచ్ పెన్ను రంగు మొదటి వానకే పోతుంది). మామిడిని ఎంచుకోకండి, అది ఎప్పుడూ మోడు కాదు. వేప బాగుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఆకుల రంగుల ప్రయోగం నిజంగా ఈ నెలల పాఠమే. అందులోనూ ఒక సగం నిజం చెలామణిలో ఉంది: రంగులన్నీ ఆకులో ముందే దాగి ఉంటాయని. పసుపు ముందే ఉంటుంది, పచ్చదనం తగ్గితే బయటపడుతుంది. మేపుల్ ఎరుపు మాత్రం ఆ రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకునేది. ఒకే రకం ఆకులు నాలుగైదు సన్నగా చింపి గ్లాసులో వేసి, మునిగేంతవరకే రబ్బింగ్ ఆల్కహాల్ పోసి, మూత కప్పి వేడినీళ్ల గిన్నెలో అరగంట ఉంచండి. పొయ్యి మీద పెట్టకూడదు, ఆవిరి అంటుకుంటుంది. తర్వాత అందులో కాఫీ ఫిల్టర్ కాగితం పట్టీ నిలబెడితే రంగులు విడివిడిగా పైకి పాకుతాయి, పట్టీ కొన ఒక్క సెంటీమీటరే మునగాలి. రంగులు పాలిపోయి వచ్చాయంటే ఆల్కహాల్ ఎక్కువైందని అర్థం.

అపోహ: సూర్యుడికి దూరం జరుగుతాం కాబట్టి చలి మొదలవుతుంది

తిరగేసి చెబుతున్నారు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. చలికి కారణం భూమి అక్షం వాలు.

అపోహ: సెప్టెంబర్ 23న పగలూ రాత్రీ సరిసమానం

పుస్తకంలో అలాగే ఉంటుంది, పేపర్లో సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు కూడిక తీసివేతలు చేసిన పిల్లలకు మాత్రం లెక్క కుదరదు. హైదరాబాద్‌లో ఆ రోజు పగలు 12 గంటల 7 నిమిషాల దాకా ఉంటుంది. సూర్యోదయం అని రాసేది బింబం పై అంచు కనబడిన క్షణాన్ని, నడిభాగం పైకొచ్చిన క్షణాన్ని కాదు. దానికి తోడు గాలి పొర వెలుతురును వంచి, ఇంకా దిగంతం కిందే ఉన్న సూర్యుణ్ని పైకెత్తి చూపిస్తుంది. ఆ రోజుల్లో పగలు రోజుకు సుమారు ఒక నిమిషం తగ్గుతుంది కనుక నిజమైన సమానం సెప్టెంబర్ 30 ప్రాంతంలో. ఈ తేడాను పిల్లలే పట్టుకోనివ్వండి, ముందుగా చెప్పేయకండి.

23న చేయాల్సింది నీడకర్ర ప్రయోగం. మీటరు కర్రను చదునైన డాబా మీద నిలబెట్టి, దారానికి రాయి కట్టి నిటారుగా ఉందో లేదో చూడండి. ఒక్క డిగ్రీ వాలినా నీడలో దాదాపు 2 సెం.మీ. తేడా వస్తుంది. ఉదయం 11 నుంచి ఒంటిగంటంపావు వరకు ప్రతి పావుగంటకూ నీడ కొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టాలి. నీడ కొన మసకగా ఉండి ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియదు. కర్ర కొనకు నిమ్మకాయ గుచ్చితే దాని గుండ్రటి నీడ నడిమధ్యన చుక్క పెట్టవచ్చు. అప్పుడు మీటరు ఎత్తును నిమ్మకాయ మధ్య వరకు కొలవాలి.

ఆ చుక్కలన్నీ ఒకే గీత మీద పడతాయి. అది తూర్పు పడమరల గీత, దిక్సూచి అక్కర్లేదు. అతి పొట్టి నీడ హైదరాబాద్‌లో 31 సెం.మీ., తిరుపతిలో 24. ఎంత దక్షిణానికి పోతే అంత పొట్టి. ఆ పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకు రాదు: హైదరాబాద్‌లో 12.08 ప్రాంతంలో, విశాఖలో 11.49కే. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం విశాఖ నెత్తి మీదుగా ముందు పోతాడు. ఆ రోజు మబ్బు పట్టిందా? మర్నాడు చేయండి, నీడ ముప్పావు సెంటీమీటరు పెరుగుతుంది, అంతే.

అపోహ: వాన పాఠం సెప్టెంబర్‌తో సరి

తెలంగాణ వరకు కొంత నిజం. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా పడేది అక్టోబర్ - డిసెంబర్‌లోనే, ఈశాన్య రుతుపవనాలతో. తుపాన్ల కాలమూ ఇదే: దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న, హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న.

వాన కొలిచే సీసా ఇంట్లోనే తయారవుతుంది. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను భుజం వంపు మొదలయ్యే చోట కోసి, పై ముక్కను మూత తీసి గరాటులా తిరగేసి పెట్టండి. అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నిటారు భాగం మొదలయ్యే వరకు నీళ్లు పోయాలి. అదే సున్నా. అక్కణ్నుంచి పైకి స్కేలు అతికించండి. చాలా ఇళ్లలో ఈ సున్నా దగ్గరే తప్పు: ఎండకు నీళ్లు తగ్గి సున్నా కిందికి జారితే, ఆ తర్వాత పడిన వాన తక్కువ చూపిస్తుంది. వాన లేని రోజు కూడా సున్నా సరిచూడాలి. గోడకైనా చెట్టుకైనా దాని ఎత్తుకు రెండింతల దూరంలో, చిందులు పడకుండా నోరు నేలకు 30 సెం.మీ. పైన ఉండేలా ఇటుకల మధ్య బిగించండి.

ఉదయం 8.30కి చదవండి, వాతావరణ శాఖ రోజు లెక్క తీసేది ఆ వేళకే. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే వాళ్ల భాషలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. టీవీలో ఆ మాట వినగానే పిల్లలు సీసా దగ్గరికి పరుగెత్తడం మొదలుపెడితే పాఠం పట్టుబడినట్టే. తుపాను రాత్రి సీసా పొంగిపోతుంది, పడుకునే ముందు ఒకసారి చదివి సున్నా వరకు ఖాళీ చేయండి.

అపోహ: పండగ తొమ్మిది రోజులూ చదువు ఆగిపోతుంది

బతుకమ్మ పళ్లెం ముందు కూర్చున్న పిల్లకు లెక్కలు వేరే చెప్పనక్కర్లేదు. పళ్లెం వ్యాసం 40 సెం.మీ., బంతి పువ్వు 4 సెం.మీ. అనుకుందాం. చుట్టుకొలత 126, నాలుగుతో భాగిస్తే 31 పూలు. పేర్చి చూస్తే 28 దగ్గరే వరస నిండిపోతుంది. ఎందుకు? పువ్వు పళ్లెం అంచు మీద కూర్చోదు, లోపల కూర్చుంటుంది. పూల నడిమధ్యలు కలిపే వలయం వ్యాసం 36 మాత్రమే. ఇక్కడ పిల్లల్ని పది నిమిషాలు తంటాలు పడనివ్వాలి. పై వరసకు పోయే కొద్దీ వ్యాసం 5 సెం.మీ. తగ్గితే, ఏ వరసలోనైనా చుట్టుకొలత తగ్గేది 15.7 సెం.మీ.నే, అంటే వరసకు నాలుగు పూలు తక్కువ.

మిగిలిన పూలను విప్పదీయండి. తంగేడు ఒక్క పువ్వే, ఐదు రేకులు. బంతి మాత్రం పువ్వు కాదు, గుత్తి. ఒక్కో రేకూ ఒక్కో పువ్వు. పూజకు తెచ్చిన తాజా బంతిని విత్తితే మొలవకపోవడానికి కారణం గింజ ముదరకపోవడమే. మొక్క మీదే ఎండిన పువ్వు గింజ కావాలి.

చామంతి సంగతి ఇంకో రకం. రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం కింద పెట్టిన కుండీ పూయక విసిగించేది అందుకే.

అపోహ: నూనె ఎక్కువ పోస్తే దీపం పెద్దగా వెలుగుతుంది

మంట పరిమాణం వత్తి మందాన్ని, బయటికి ఎంత తీశామన్న దాన్ని బట్టి. నూనె ఎక్కువైతే ఎక్కువసేపు వెలుగుతుంది, అంతే. కార్తికంలో ఇది పరీక్షించడానికి ప్రమిదలకు కొదవ ఉండదు. కొత్త ప్రమిదను వంటింటి కాటాలో తూచి, గంట నానబెట్టి, తుడిచి మళ్లీ తూస్తే మట్టి ఎంత నీరు తాగిందో తెలుస్తుంది. నానబెట్టకపోతే అంత చోటూ నూనె తాగేది. సరిగా తుడవకపోతే నీటి చుక్క నూనెలోకి దిగి వత్తి చిటపటలాడుతుంది.

ఒకే రకం వత్తులతో మూడు ప్రమిదల్లో 5, 10, 15 మి.లీ. పోసి గాలి తగలని చోట వెలిగించి, వెలిగిన సమయం గ్రాఫు గీయించండి. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, నూలు బట్టలే వేయాలి. మూడు చుక్కలూ ఇంచుమించు ఒకే గీత మీదికి వస్తాయి, కానీ ఆ గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా దగ్గరికి చేరదు. వత్తీ మట్టీ తమలో ఉంచుకున్న నూనె ఎంతో ఆ ఖాళీని బట్టి లెక్క కట్టవచ్చు.