మూత్రసంచి మాట విననప్పుడు
మా బాబాయి ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మెజెస్టిక్ దాకా బస్సులో వెళ్ళాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేసేవారు. పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది. చేతి వణుకు గురించి అందరికీ చెప్పేవారు. ఒంటికి వెళ్ళాలనిపించిన మరుక్షణం ఆపుకోలేకపోతున్న సంగతి మాత్రం ఏడాది పాటు పిన్నికి కూడా చెప్పలేదు. వయసు మీదపడితే ఇంతేనని సరిపెట్టుకున్నారట. నాకు బాధ కలిగించింది ఆ సరిపెట్టుకోవడమే. అది ఆయన నరాల జబ్బులో భాగం, దానికి మందులున్నాయి.

మూత్రసంచి గోడ చాలావరకు కండరమే. ఆరోగ్యంగా ఉన్నవారిలో 400, 500 మిల్లీలీటర్ల దాకా నిండుతున్నా అది సాగుతూ పోతుంది తప్ప బిగుసుకోదు. బిగుసుకోమనే ఆజ్ఞ మెదడు కాండంలోని ఒక కేంద్రం నుంచి వెన్నుపాము మీదుగా రావాలి. ఆ కేంద్రాన్ని ‘ఇప్పుడు కాదు, ఆగు’ అని పట్టి ఉంచేది పైనున్న మెదడు. పక్షవాతం, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములలో నరాల పైపొర దెబ్బతినే జబ్బు), వెన్నుపాము దెబ్బ వంటి వాటిలో ఆ పట్టు సడలుతుంది. సంచి సగమైనా నిండకముందే కండరం తనంత తానే ముడుచుకుంటుంది.

ముడుచుకోమన్న కబురును నరం అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో పంపుతుంది. ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనసిన్ వంటి మాత్రలు ఆ రసాయనం వచ్చి తగలవలసిన చోటును ముందే ఆక్రమిస్తాయి. ఉమ్మెత్తకాయ తిన్నవారి అవస్థ మన పల్లెల్లో తెలిసిందే: నోరు పిడచగట్టుకుపోతుంది, చూపు మసకబారుతుంది, మతి చెదిరి ఏదేదో మాట్లాడతారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ అడ్డుకునేది కూడా ఇలాంటి చోటునే. ఈ మాత్రలు దానికంటే ఎంతో సౌమ్యమైనవి, కానీ ఆ కుటుంబానివే. అందుకే నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవయసువారిలో మతిమరుపు, తికమక పెరగవచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవారికి మలబద్ధకం తరచుగా ముందే ఉంటుంది. జ్ఞాపకశక్తి కోసం ఇచ్చే డొనెపెజిల్ అసిటైల్‌కోలిన్‌ను పెంచే మందు. ఒకటి పెంచుతుంటే మరొకటి అడ్డుకుంటుంది. నరాల వైద్యుడు రాసిన చీటీ మూత్రవైద్యుడికీ, ఇతని చీటీ అతనికీ చూపించమని నేను అందరినీ బతిమాలేది ఇందుకే.

మిరాబెగ్రాన్ దారి వేరు. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఈ మందు, కండరాన్ని సడలించే మరో మీటను నొక్కుతుంది. నోరు ఎండడం తక్కువే కానీ రక్తపోటును చూసుకుంటూ ఉండాలి.

మాత్రలు సరిపోకపోతే బొటులినం టాక్సిన్ (బొటాక్స్) అనే ఇంజెక్షన్ ఉంది. నరాల జబ్బు వల్ల వచ్చే ఈ సమస్యకు అమెరికాలో 2011లో అనుమతించారు. సన్నని గొట్టంతో లోపలికి చూస్తూ సంచి గోడలో అక్కడక్కడా సూదితో ఎక్కిస్తారు. నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా ఆపుతుంది కాబట్టి నెలల తరబడి ఉపశమనం ఉంటుంది. కొందరికి ఆ తరువాత మూత్రం తనంత తాను రాదు. రోజుకు కొన్నిసార్లు శుభ్రమైన గొట్టం వేసుకుని తీసుకోవలసి వస్తుంది. దానికి సిద్ధమేనా అని ముందే మాట్లాడుకోవాలి.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇది బట్టలు తడిసే సమస్య మాత్రమే కాదు. సంచి ముడుచుకునే వేళ ద్వారం కూడా బిగుసుకుంటే ఒత్తిడి పెరిగి మూత్రపిండాలు చెడిపోతాయి. వారికి మందు ఆ ఒత్తిడిని దించడానికి కూడా.

బాబాయి విషయంలో వైద్యురాలు మొదట మూడు రోజుల లెక్క రాయమన్నారు. పిన్ని ఒక కొలపాత్ర కొనితెచ్చి, మనవడి పాత నోటుబుక్కులో గీతలు గీసింది. ఉదయం 6.10కి 90 మిల్లీలీటర్లు, 7.00కి 70, 8.15కి 120. ఒంటికి వెళ్ళి వచ్చాక సంచిలో ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూసి, పెద్దగా మిగలడం లేదని నిర్ధారించుకున్నాకే మిరాబెగ్రాన్ మొదలుపెట్టారు. రెండు నెలల తరువాతి పేజీలో 220, 250 అని ఉంది. మొన్న మెజెస్టిక్ వెళ్ళే రోజు పొద్దున కాఫీ కూడా తాగారు. రాత్రి రెండుసార్లు లేవడం మాత్రం ఇంకా తగ్గలేదు.