మనిషిని తింటే ఏ సెక్షన్? నరమాంస భక్షణపై అపోహలు - వాస్తవాలు

మద్రాసు హైకోర్టులో క్రిమినల్ ప్రాక్టీసు నాది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి లా చదవడానికొచ్చిన పిల్లలు నా దగ్గర జూనియర్లుగా చేరుతుంటారు. పేపర్లో ఏదైనా ఘోరమైన కేసు పడిందంటే, ప్యారీస్ కార్నర్ మెస్సులో సరిగ్గా పప్పన్నం కలిపే వేళకి ఎవడో ఒకడు అడుగుతాడు: "సార్, మనిషిని తింటే ఏ సెక్షన్ పెడతారు?" పక్క టేబుల్ వాళ్ళు ఆకు జరుపుకుని మా వైపు అదోలా చూస్తారు. అక్కడ గొంతు తగ్గించి సగం సగం చెప్పే జవాబులు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: నరమాంసం తినడం మన చట్టంలో మహా నేరం.

వాస్తవం: ఆ పేరుతో నేరమే లేదు. పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో) లేదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. చంపితే హత్య, సెక్షన్ 103. ఆనవాళ్ళు మాయం చేస్తే 238. శవానికి అవమానం జరిగితే 301. ఈ చివరిదానికి గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. అదీ ఎవరి మనసైనా నొప్పించాలన్న ఉద్దేశంతోనో, నొప్పి కలుగుతుందని తెలిసో చేశాడని చూపించగలిగితేనే. చనిపోయినవాళ్ళ దేహం విషయంలో మన చట్టం చాలా పలచన. శవంపై లైంగిక దాడిని శిక్షించడానికి సరైన సెక్షన్ లేదని 2023లో కర్ణాటక హైకోర్టు గుర్తించి, చట్టం మార్చమని కేంద్రానికి సిఫారసు చేసింది.

కొల్హాపూర్‌లో తల్లిని చంపి, అవయవాలు కోసి వండిన కేసుంది. 2024లో బాంబే హైకోర్టు ఆ ముద్దాయికి ఉరిశిక్ష ఖరారు చేసింది. ఇది నరమాంస భక్షణ కేసని కోర్టే అంది. అయినా ఛార్జి మాత్రం హత్యే. తిన్న సంగతి శిక్ష తేల్చే దగ్గర బరువుగా పడింది, అంతే.

అపోహ: ప్రాణం మీదికొస్తే ఏం చేసినా చట్టం క్షమిస్తుంది.

వాస్తవం: లా విద్యార్థులందరూ చదివే మిన్యొనెట్ కేసు దీని గురించే. 1884లో ఆ చిన్న ఓడ ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి వెళ్తూ అట్లాంటిక్‌లో మునిగింది. నలుగురు పడవలోకి దూకారు. తిండికి రెండు టర్నిప్ డబ్బాలు. మధ్యలో ఒక తాబేలు దొరికింది. వానపడితే తప్ప మంచినీళ్ళు లేవు. పదిహేడేళ్ళ రిచర్డ్ పార్కర్ సముద్రపు నీళ్ళు తాగి మంచాన పడ్డట్టయ్యాడు. కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్ కలిసి అతన్ని చంపాలని తేల్చుకున్నారు. మూడోవాడు బ్రూక్స్ చంపడానికి ఒప్పుకోలేదు. తినడానికి మాత్రం ముగ్గురూ తిన్నారు. కొద్ది రోజుల్లోనే ఒక జర్మన్ ఓడ వాళ్ళని కాపాడింది.

ఒడ్డుకొచ్చాక జనమంతా వాళ్ళ వైపే. చనిపోయిన కుర్రాడి అన్న కూడా వచ్చి కరచాలనం చేశాడు. కోర్టు మాత్రం హత్యేనంది. ఎవరి ప్రాణం తక్కువో తూచేదెవరు, బలహీనుడే ఎందుకు చావాలి అన్నది జడ్జి లార్డ్ కోల్‌రిడ్జ్ ప్రశ్న. ముందు మరణశిక్ష వేశారు, తర్వాత ఆరు నెలల జైలుకు తగ్గించారు. నాకు ఆ కేసులో ఈ రెండూ నచ్చుతాయి: సూత్రం వదల్లేదు, మనిషినీ వదల్లేదు.

మన సంహితలో సెక్షన్ 19 ఉంది కదా అంటారు జూనియర్లు. పెద్ద హాని తప్పించడానికి చిన్న హాని చేస్తే నేరం కాదంటుందది. నిజమే. కానీ హాని చేయాలన్న నేరబుద్ధి ఉండకూడదు. గొంతు కోసినవాడు ఆ మాట అనలేడు.

1972లో ఆండీస్ మంచుకొండల్లో విమానం కూలి, 72 రోజుల తర్వాత 16 మంది బయటపడ్డ కథ వేరు. వాళ్ళు ఎవరినీ చంపలేదు. చనిపోయిన తోటివాళ్ళ దేహాలతో బతికారు. వాళ్ళపై కేసులు లేవు. క్యాథలిక్ చర్చి కూడా దాన్ని పాపమనలేదు.

అపోహ: అవతలివాడు ఒప్పుకుంటే తప్పేముంది?

వాస్తవం: జర్మనీలో 2001లో ఇదే జరిగింది. తినడానికి మనిషి కావాలని ఒకడు ఇంటర్నెట్‌లో ఇచ్చిన ప్రకటన చూసి ఇంకొకతను తనంతట తానే వచ్చాడు. ప్రకటన ఇచ్చినవాడు అతన్ని చంపి తిన్నాడు. అక్కడా తినడానికి సెక్షన్ లేదు. 2004లో ఎనిమిదిన్నరేళ్ళు వేశారు. పై కోర్టు ఒప్పుకోలేదు. 2006లో హత్యగా తేల్చి యావజ్జీవం వేశారు. మన దగ్గరైతే డిఫెన్స్ లాయరు సెక్షన్ 101లోని అయిదో మినహాయింపు ఎత్తుతాడు. పద్దెనిమిది దాటినవాడు తన చావుకి తానే సమ్మతిస్తే అది హత్య కాదు, సెక్షన్ 105 కిందికొచ్చే నరహత్య. శిక్ష తగ్గొచ్చు గానీ ఇంటికి పంపరు.

అపోహ: మన పురాణాల్లోనే ఉంది కదా.

వాస్తవం: ఉన్నది కథ, అనుమతి కాదు. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన చిరుతొండనంబి కథ తమిళుల పెరియపురాణంలోనూ ఉంది. శివుడు జంగమ వేషంలో వచ్చి కొడుకు మాంసం వండిపెట్టమంటాడు. ఆ తల్లిదండ్రులు వండుతారు. చివరికి పిల్లాడు బతికొస్తాడు. తల్లిదండ్రులు చేయలేని పని అదొక్కటేనని విన్నవాళ్ళందరికీ తెలుసు కాబట్టే అది పరీక్షగా నిలిచింది. (పసిపిల్లల పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనే అమ్మమ్మలకి ఆ మాట వెనకున్న విందు గుర్తుంటుందో లేదో!) బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో సుప్పియ అనే భక్తురాలు జబ్బుపడ్డ భిక్షువుకి తన తొడ కోసి పెడుతుంది. ఆ సంగతి తెలిసి బుద్ధుడు భిక్షువులకు నరమాంసం నిషేధించాడు. ఖురాన్ చాడీలు చెప్పడాన్ని చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది, అంత అసహ్యమని. ఇక సినిమాల్లో చూపించే అఘోరాలంటారా, వాళ్ళు చాలా చిన్న వర్గం, కట్టుబాట్లు దాటడమే వాళ్ళ సాధన.

అపోహ: ఇదంతా ఆటవికుల అలవాటు.

వాస్తవం: పాపువా న్యూగినీలో ఫోరే జనం చనిపోయిన ఆత్మీయుల్ని సంతాపంగా తినేవారు. దాంతో కురు అనే మెదడు జబ్బు వ్యాపించింది, ఎక్కువగా ఆడవాళ్ళకీ పిల్లలకీ. అది నిజం. కానీ 16, 17 శతాబ్దాల్లో యూరప్ మందుల షాపుల్లో ఈజిప్టు మమ్మీల పొడి అమ్మేవారు. దొరలే కొనుక్కుని మింగేవారు. వాళ్ళనెవరూ నరభక్షకులనలేదు. 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా మాత్రం నరభక్షకులని పేరుపడ్డ కరీబియన్ జనాన్ని పట్టి బానిసలుగా అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఇక ఎవరిని పట్టుకోవాలన్నా ఆ పేరు పెడితే చాలు.

ఈ ముద్ర పని ఇప్పటికీ ఆగలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, అవయవాలు కోస్తారని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. తిరువణ్ణామలై జిల్లాలో గుడికి వెళ్తూ పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిందని చెన్నై నుంచి వెళ్ళిన ఒక పెద్దావిడని జనం కొట్టి చంపారు. అలాంటి వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులోకొస్తే ఒక్క సంగతి: జనంలో భయం రేపే పుకార్లు పంచితే సెక్షన్ 353 కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. నరమాంసం తినడానికి సెక్షన్ లేదు గానీ, దీనికుంది.